పడమటి గోడ ఎవరిది?

మాకు పడమర అంటే కిబ్లా. అమలాపురం, రాజోలు, కొత్తపేట - కోనసీమలో ఏ మసీదులోకి వెళ్లినా మెహరాబు పడమటి గోడకే ఉంటుంది. రాజోలు వైపు ఊళ్లవాళ్లకి పడమరంటే వసిష్ఠ గోదావరి, అది దాటితే నర్సాపురం. ఆ పైన ఏముందో మా తాతలు చాలామంది చూడకుండానే పోయారు. చూడకపోయినా రోజుకి అయిదుసార్లు అటే తిరిగి నిలబడ్డారు. పోయాక ఖబరులో పడుకోబెట్టినప్పుడూ వాళ్ల మొహం అటే తిప్పారు. అందుకే 'పడమటి గోడ' అనగానే మాకు ముందు గుర్తొచ్చేది మా మసీదు గోడ, సున్నం వేసిన మామూలు గోడ.

ఇంకొక పడమటి గోడ ఉంది. అది జెరూసలేంలో ఉంది. మా పక్కింటి క్రైస్తవులు యెరూషలేము అంటారు. మేం బైతుల్ ముఖద్దస్ అంటాం. యూదులు ప్రపంచంలో ఎక్కడున్నా ఆ గోడ దగ్గర నిలబడి ప్రార్థించాలని కోరుకుంటారు. దాని ఫొటో కోనసీమకి కొత్తదేం కాదు. ప్రభుత్వ సాయంతో యాత్రకి వెళ్లొచ్చిన క్రైస్తవ కుటుంబాలవాళ్లు ఆ రాళ్ల మీద చెయ్యి పెట్టి దిగిన ఫొటోలు తెచ్చుకున్నారు. 2017లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ నెత్తిన నల్ల టోపీ పెట్టుకుని ఆ గోడని తాకడం అందరం టీవీల్లో చూశాం.

ఆ గోడ మాట వస్తే మా కుర్రాళ్లు ఒకటే అంటారు: "అది బురాఖ్ గోడ. మనది. వాళ్లు లాక్కున్నారు." అభ్యుదయ మిత్రులు ఇంకొకటి అంటారు: "రాళ్ల కోసం ఈ చంపుకోవడాలేమిటి?" రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. యూదుడు ఆ గోడ ముందు ఎందుకు నిలబడతాడన్న సంగతి మాత్రం రెండింట్లోనూ లేదు.

ఇప్పుడు ఈ సంగతి రాయడమేమిటని మావాళ్లే అడగొచ్చు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1200 మంది చనిపోయారు. ఆ తర్వాత గాజాలో చనిపోయినవాళ్లు అక్కడి ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం 60 వేలు దాటారు. గాజా పెద్ద మసీదు, ఒమరీ మసీదు, రాళ్లకుప్పగా మారడం చూశాం. ఈ దుఃఖంలో మా మాటల్లో యూదుడూ ఇజ్రాయెల్ ప్రభుత్వమూ ఒకటైపోయాయి. ఇంకోపక్క మా దేశంలో మమ్మల్ని పరాయివాళ్లుగా చూసేవాళ్లు ఇజ్రాయెల్‌ని ఆదర్శంగా చూపిస్తున్నారు. రెండు చోట్లా మతమూ రాజ్యమూ ఒకటే అనేస్తున్నారు. మేం ఆ రెండింటినీ విడదీసి చూడాలి. అది యూదుల మీద దయతో చేసే పని కాదు, మా అవసరం. ఎలాగంటే చివరికి ఈ కథ మా ఖబరస్తాన్ల దగ్గరికే వస్తుంది.

*

ముందు ఆ గోడ ఏమిటో చూద్దాం. చాలామంది అనుకుంటున్నట్టు అది దేవాలయం గోడ కాదు. సొలొమోను, మా సులేమాన్ ప్రవక్త, కట్టించాడని చెప్పే మొదటి దేవాలయాన్ని క్రీ.పూ. 586లో బాబిలోనియా రాజు నెబుకద్నెజరు సైన్యం నాశనం చేసింది. పారశీక రాజుల కాలంలో తిరిగొచ్చిన యూదులు క్రీ.పూ. 516 ప్రాంతంలో రెండో దేవాలయం కట్టుకున్నారు. క్రీ.పూ. 20 ప్రాంతంలో హేరోదు రాజు దాన్ని పెద్దది చేయడం మొదలుపెట్టాడు. గుట్ట మీద కావలసినంత చదును లేదు. అందుకని చుట్టూ ఎత్తయిన గోడలు లేపి, లోపల నింపి, పైన విశాలమైన అరుగులా చేశారు. ఏటిగట్టు జారిపోకుండా మా వైపు రాయి పేరుస్తారే, అలాంటి ఆసరా గోడ అది. అరుగుకి పడమటి వైపున్న గోడే పడమటి గోడ.

హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడు. 2011లో ఆ గోడ పునాది కింద క్రీ.శ. 17-18 నాటి నాణేలు దొరికాయి. అంటే అతను పోయిన ఇరవై ఏళ్లకి కూడా పని సాగుతూనే ఉందన్నమాట. తర్వాత అర్ధశతాబ్దమైనా గడిచిందో లేదో, క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ నగరాన్ని పట్టుకున్నాడు. దేవాలయం కాలిపోయింది. కింద ఆసరాగా నిలిచిన గోడ మిగిలింది.

ఆ గోడ మొత్తం పొడవు సుమారు 488 మీటర్లు. చాలాభాగం ఇళ్ల వెనకా నేల కిందా దాగి ఉంది. ఈనాడు జనం ప్రార్థించే మైదానం దగ్గర కనిపించేది 60 మీటర్లకి లోపే. అక్కడ నేల పైన కింది ఏడు వరసలు హేరోదు నాటి పెద్ద రాళ్లు. వాటి పైన కొన్ని వరసలు ఉమయ్యద్ ఖలీఫాల కాలంలో పేర్చినవి. ఆ పైవి ఇంకా తర్వాతి ముస్లిం పాలకుల నాటివి. అంటే యూదుల రాయి మీద ముస్లింల రాయి కూచుని రెండూ కలిసి ఒక గోడ అయింది. ఎవరైనా దాన్ని పూర్తిగా నాదే అనాలంటే కొన్ని వరసలు పీకెయ్యాలి.

*

మరి యూదుడికి ఆ గోడ ఏమిటి? దేవాలయం ఉన్నంతకాలం అక్కడ బలులుండేవి, యాజకులుండేవాళ్లు, ఏడాదికి మూడు పండగలకి యాత్రలుండేవి. క్రీ.శ. 70 తర్వాత అవన్నీ ఒక్కసారిగా పోయాయి. దేవాలయం చుట్టూ తిరిగిన మతం దేవాలయం లేకుండా బతకాల్సి వచ్చింది. బలుల స్థానంలో ప్రార్థన నిలిచింది. ఊరూరా ఉన్న సినగాగుని చిన్న దేవాలయం అనుకున్నారు. యాజకుడి స్థానంలో ధర్మగ్రంథం చదివి చెప్పే పండితుడొచ్చాడు. రోజుకి మూడు ప్రార్థనలు. ఎక్కడ నిలబడినా జెరూసలేం వైపు తిరిగి చెయ్యాలి. బాబిలోనియా చెరలో దానియేలు జెరూసలేం వైపు కిటికీ తెరుచుకుని రోజుకి మూడుసార్లు మోకరించాడని బైబిల్ చెప్పేది మా క్రైస్తవ మిత్రులకి తెలుసు. జెరూసలేంకి పడమరనున్న ఐరోపాలో యూదులు తూర్పు గోడకి 'మిజ్రాహ్', అంటే తూర్పు, అని రాసిన పటం కట్టుకునేవాళ్లు. మా మెహరాబు చేసే పనే అదీ చేసేది.

పోయిన దేవాలయానికి అతి దగ్గరగా వెళ్లగలిగిన చోటు ఆ పడమటి గోడ. దైవసన్నిధి, వాళ్ల భాషలో 'షెఖీనా', అన్నిచోట్లా వెళ్లిపోయినా పడమటి గోడని విడిచిపోలేదని వాళ్ల పూర్వ వ్యాఖ్యాతలు చెప్పుకున్నారు. యూదుడు ఆ రాయి ముందు నిలబడి తలచుకునేది లేకుండాపోయిన దాన్ని. 'ఆవ్' నెల తొమ్మిదో రోజున ఉపవాసముండి, నేల మీద కూచుని, విలాపవాక్యములు చదువుకుంటారు. రెండు దేవాలయాలూ ఆ తేదీనే పోయాయని వాళ్ల నమ్మకం. పెళ్లిలో సంతోషం మధ్య పెళ్లికొడుకు గాజుగ్లాసు కాలికింద వేసి పగలగొడతాడు, ఆ నష్టం మరిచిపోకూడదని. పీర్ల పండగ ఎరిగిన కోనసీమవాళ్లకి ఇది అర్థం కాని సంగతి కాదు. 680లో కర్బలాలో జరిగినదానికి మా ఊళ్లలో ఇప్పటికీ గుండె మీద చెయ్యి వేసుకుంటారు. అందులో హిందువులూ ఉంటారు.

బయటివాళ్లు దాన్ని 'ఏడుపు గోడ' అన్నారు. యూదులు ఆ పేరు పెద్దగా ఇష్టపడరు. వాళ్లకి అది 'కోతెల్ మఅరవి', పడమటి గోడ, అంతే. అక్కడ ఏడుపొక్కటే ఉండదు. పదమూడేళ్ల కుర్రాడు మొదటిసారి ధర్మగ్రంథం చదవడానికి వస్తాడు. రాళ్ల సందుల్లో మొక్కులు రాసిన చీటీలు దూరుస్తారు. ఏడాదికి రెండుసార్లు ఆ చీటీలన్నీ తీసి, చదవకుండా, ఒలీవల కొండ మీద పాతిపెడతారు. దేవుడి పేరున్న కాగితం చెత్తలో వెయ్యకూడదని మేం ఎలా అనుకుంటామో వాళ్లూ అంతే.

వాళ్లలో వాదాలు లేవనుకోకూడదు. దేవాలయ గర్భగుడి సరిగ్గా ఎక్కడుండేదో తెలియదు కాబట్టి, అశుద్ధితో దాని మీద కాలు పెట్టరాదని వాళ్ల ప్రధాన రబ్బీలు ఎత్తు మీదికి వెళ్లడాన్నే నిషేధించారు. ఆ మాట వినకుండా పైకెక్కి ప్రార్థిస్తామనే రాజకీయ మూకలు ఇప్పుడు పెరిగాయి. 1988 నుంచి కొందరు ఆడవాళ్లు మగవాళ్లలాగే అక్కడ గ్రంథం చదివే హక్కు అడుగుతున్నారు. యెషయాహు లైబోవిట్జ్ అనే నిష్ఠాపరుడైన యూదు తత్త్వవేత్త 1967 తర్వాత ఆ గోడని జెండాలకీ సైన్యం ప్రమాణాలకీ వేదిక చెయ్యడం చూసి, ఇది విగ్రహారాధనేనని మండిపడ్డాడు. ఖలీఫా ఉమర్ కాబాలోని నల్లరాతి ముందు నిలబడి, నువ్వు మేలూ కీడూ చెయ్యలేని రాయివని నాకు తెలుసు, ప్రవక్త నిన్ను ముద్దాడారు కనుకనే నేనూ ముద్దాడుతున్నానన్న సంగతి మేం చిన్నప్పుడే విన్నాం. నిజంగా నమ్మినవాళ్లు రాయికీ దైవానికీ తేడా ఎప్పుడూ మరిచిపోలేదు. ఆ తేడా చెరిపేసి లాభపడేది రాజ్యాలే.

*

ఇది మాకు సంబంధం లేని ఊసు కాదు. ఇస్లాం తొలి రోజుల్లో ప్రవక్తా ఆయన అనుచరులూ నమాజు చేసింది బైతుల్ ముఖద్దస్ వైపే. మదీనాకి హిజ్రత్ చేసిన పదహారు పదిహేడు నెలల తర్వాత, 624లో, కిబ్లా మక్కాకి మారింది. అది గుర్తుచేసే రెండు కిబ్లాల మసీదు మదీనాలో ఉంది. మేరాజ్ రాత్రి ప్రవక్త చేరింది అక్కడికే. బురాఖ్‌ని కట్టిన చోటు ఆ గోడేనని ముస్లింలు నమ్ముతారు. అందుకే మావాళ్లు దాన్ని బురాఖ్ గోడ అంటారు. దావూద్, సులేమాన్ ఇద్దరూ మాకు ప్రవక్తలే. అక్కడ యూదుల దేవాలయమే ఉండేది కాదని ఈనాడు కొందరు ముస్లింలు కోపంలో అంటున్నారు. ఆ మాట మా విశ్వాసాన్నే కాదనడం. 1925లో జెరూసలేం ముస్లిం పరిషత్తు అచ్చువేసిన చిన్న యాత్రా పుస్తకం కూడా అది సొలొమోను దేవాలయ స్థలమేనన్నది వివాదం లేని సంగతి అని రాసింది.

చరిత్ర చూడండి. 135లో యూదుల తిరుగుబాటుని అణచిన రోమన్లు వాళ్లని నగరంలో అడుగే పెట్టనివ్వలేదు. తర్వాత క్రైస్తవ చక్రవర్తుల కాలంలో ఏడాదికొక రోజు ఏడ్చుకుని పోవడానికి రానిచ్చారు. 638 ప్రాంతంలో ఖలీఫా ఉమర్ నగరం తీసుకున్నాక యూదులు మళ్లీ అక్కడ కాపురాలు పెట్టుకోగలిగారు. 1099లో క్రూసేడర్లు ముస్లింలనీ యూదులనీ కలిపే నరికారు. 1187లో సలాహుద్దీన్ గెలిచాక యూదులు తిరిగొచ్చారు. పదహారో శతాబ్దంలో సులేమాన్ సుల్తాన్ కాలంలో గోడ దగ్గర ప్రార్థనకి చోటు ఏర్పడిందని యూదుల్లోనే ఒక వాడుక ఉంది. ఇదంతా స్వర్ణయుగమేమీ కాదు. యూదులు పన్ను కట్టి, తలొంచి బతికిన కాలమే. అయినా ఆ గోడ దగ్గర ప్రార్థన ఆగిపోకుండా సాగింది.

1193లో సలాహుద్దీన్ కొడుకు అల్ అఫ్దల్ గోడ ముందున్న చోటుని ఉత్తరాఫ్రికా నుంచి వచ్చిన ముస్లింల కోసం వక్ఫు చేశాడు. అదే మగ్రిబీల పేట. మగ్రిబ్ అంటే పడమర. సూర్యాస్తమయం నమాజుని మేం మగ్రిబ్ అనేది అందుకే. యూదుల భాషలో పడమరని 'మఅరవ్' అంటారు, సాయంత్రం ప్రార్థనని 'మఅరివ్' అంటారు. మగ్రిబ్, మఅరవ్ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. పడమటి గోడ ముందు పడమటివాళ్ల పేట ఉండేది. పేటకీ గోడకీ మధ్య సుమారు 28 మీటర్ల పొడవు, నాలుగు మీటర్లకి లోపు వెడల్పున్న సందు ఉండేది. ఏడు శతాబ్దాల పైచిలుకు ఆ పేట అక్కడుంది. ఆ సందులోనే యూదులు తరతరాలుగా ప్రార్థించారు.

*

గోడ ఎవరిదన్న ప్రశ్న పెద్దదైంది బ్రిటిష్ వాళ్ల కాలంలో. 1928లో యూదుల పెద్ద ఉపవాసం రోజున ఆడా మగా మధ్య పెట్టిన తెరని పోలీసులు లాగేశారు. యూదులకది అవమానం. ముస్లింలకేమో ఇవాళ తెర, రేపు బెంచీలు, ఎల్లుండి సినగాగు అన్న భయం. జియోనిస్టు వలసలతో రాజుకుంటున్న నిప్పు 1929 ఆగస్టులో అంటుకుంది. 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చచ్చిపోయారు. హెబ్రోనులో తరాలుగా అరబ్బుల మధ్యే బతికిన యూదులు 67 మందిని చంపారు. అక్కడే యూదులని ఇళ్లలో దాచి కాపాడిన ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. ఈ రెండు సంగతుల్లో ఒకటి చెప్పి ఒకటి దాచడం మాకు తగదు.

1930లో నానాజాతి సమితి ఆమోదంతో ఒక అంతర్జాతీయ కమిషన్ వచ్చింది. స్వీడన్, స్విట్జర్లాండ్, డచ్చి దేశాలవాళ్లు ముగ్గురు సభ్యులు. ఆ ఏడాది డిసెంబరులో నివేదిక ఇచ్చారు. అందులో రెండు మాటలు ముఖ్యం. ఒకటి, గోడ హరమ్ షరీఫ్‌లో భాగం కనుక దాని మీద యాజమాన్యం ముస్లింలది, ముందున్న స్థలం వక్ఫుది. రెండు, తరతరాల వాడుక ఉంది కనుక ఎప్పుడైనా అక్కడికి వచ్చి ప్రార్థించే హక్కు యూదులది. ప్రార్థన వల్ల యాజమాన్యం రాదు, యాజమాన్యం ఉందని ప్రార్థనని ఆపకూడదు. కొమ్ము ఊదడం లాంటివాటి మీద నిషేధాలు పెట్టారు. ముస్లింలు ఆ ప్రార్థన చెడేట్టు ఏమీ చేయరాదన్నారు. వలస పాలకుల ఏర్పాటే, రెండు పక్షాలకీ నచ్చలేదు. అయినా ఒకే గోడ మీద ఇద్దరికి రెండు రకాల హక్కులు ఉండొచ్చని అచ్చులో ఒప్పుకున్నారు.

ఆ నివేదిక వచ్చిన కొద్ది వారాలకే ఒక భారతీయుడి శవపేటిక ఆ నగరానికి చేరింది. 1923 డిసెంబరులో మా గౌతమికి అవతల కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షత వహించిన మౌలానా మహమ్మద్ అలీదే అది. రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లి, స్వేచ్ఛ లేకుండా బానిస దేశానికి తిరిగి రానని ప్రకటించి, 1931 జనవరి 4న అక్కడే కన్నుమూశాడు. ఆయన్ని హరమ్ షరీఫ్ పడమటి అంచున ఖననం చేశారు. కాకినాడ సభ గురించి చెప్పేవాళ్లు ఆయన ఖబరు ఎక్కడుందో చెప్పరు. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాం.

*

ఆ రెండు హక్కులనీ రెండు రాజ్యాలు తలో విడత తొక్కేశాయి. 1948లో సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనియన్లు ఇళ్లూ ఊళ్లూ పోగొట్టుకున్నారు. పాత జెరూసలేం జోర్డాన్ చేతికొచ్చింది. అక్కడి యూదులు వెళ్లగొట్టబడ్డారు, సినగాగులు నేలమట్టమయ్యాయి. 1949 ఒప్పందంలో పవిత్ర స్థలాలకి దారి ఇవ్వాలని రాసుకున్నా, 1967 దాకా యూదులని గోడ దగ్గరికి రానివ్వలేదు. యాజమాన్యం మనదన్న ధీమాతో వాడుక హక్కుని కాలరాసిన పందొమ్మిదేళ్లవి. ఇది మావాళ్ల వైపు జరిగిన అన్యాయం. ఒప్పుకోవాలి.

1967 జూన్ 7న ఇజ్రాయెల్ సైన్యం గోడ దగ్గరికొచ్చింది. ఏడ్చిన సైనికుల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఆ ఏడుపు నిజమైందే. మూడు రోజులు తిరగకుండానే జూన్ 10 రాత్రి మగ్రిబీల పేటకి బుల్డోజర్లు వచ్చాయి. కాసేపట్లో ఖాళీ చెయ్యమన్నారు. 135 ఇళ్లు కూలాయి. ఆరువందల మందికి పైగా వీధిన పడ్డారు. ఒక ముసలామె శిథిలాల్లో చనిపోయింది. 1193 నుంచి ఉన్న పేట ఒకటి రెండు రోజుల్లో మైదానమైపోయింది. ఈనాడు టీవీలో మనం చూసే విశాలమైన ఆవరణ ఆ పేట మీదే పరిచారు. అక్కడ నిలబడి కళ్లు మూసుకున్న భక్తుడి ప్రార్థనలో అబద్ధమేమీ లేదు. అతని కాళ్ల కింద ఎవరి ఇళ్లున్నాయో అతనికి చెప్పకపోవడమే అన్యాయం. అదే సమయంలో వెస్ట్ బ్యాంకు ముస్లిం అల్ అఖ్సాలో జుమా నమాజు చెయ్యాలంటే పర్మిటు కావాలి. గాజా ముస్లింకి ఆ దారే లేదు.

*

ఈ యూదులు ఎక్కడో దూరపువాళ్లే కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు. బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకుంటారు. మాదిగ కుటుంబాలు, ఒకప్పుడు బాప్టిస్టు క్రైస్తవులు. 1990ల మొదట్లో సినగాగు పెట్టుకున్నారు. తాము చెదిరిపోయిన ఎఫ్రాయిము గోత్రం వాళ్లమంటారు. వాళ్ల గురించి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు 2013లో ఒక పుస్తకం తెచ్చారు. ఈశాన్యంలోని బ్నెయ్ మెనషే వాళ్లకి ఇజ్రాయెల్ నుంచి దొరికిన గుర్తింపు వీళ్లకి దొరకలేదు. మీరు నిజంగా యూదులేనా, రుజువేదీ అని అడుగుతూనే ఉన్నారు.

ఈ ప్రశ్న మాకు తెలిసిందే. మీరు నిజంగా ఈ దేశంవాళ్లేనా అని మమ్మల్నడుగుతారు. నమాజు సరిగ్గా రాని దూదేకులవాళ్లని మీరు నిజంగా ముస్లింలేనా అని మాలోనే పెద్దలడుగుతారు. గౌరవం కోసం ఒక చరిత్ర వెతుక్కున్న మాదిగల ఆత్మవిశ్వాసాన్ని మేం వెక్కిరించలేం. ఇంకో సంగతి. ఐరోపా యూదుడికి జెరూసలేం తూర్పున ఉంటే, కొత్తరెడ్డిపాలెం యూదుడికి పడమరనే ఉంది, మా కాబాలాగే. శుక్రవారం అమలాపురం మసీదులో మేమూ, శనివారం కొత్తరెడ్డిపాలెం సినగాగులో వాళ్లూ ప్రార్థించే దిక్కు ఒక్కటే.

*

ఇక మా ఊళ్లకి వద్దాం. కోనసీమలో మసీదులకీ, ఖబరస్తాన్లకీ, పీర్ల చావిళ్లకీ ఎన్నింటికి కాగితాలున్నాయి? ఎవరో రైతు నోటిమాటగా వదిలిన జాగా, తాతలనాటి నుంచి శవాలు దిగుతున్న జాగా. లంకల్లో ఏటికోత చూసినవాళ్లకి కాగితం విలువ తెలుసు. పట్టా ఇంట్లో భద్రంగా ఉంటుంది, భూమి గోదాట్లో ఉంటుంది. ఖబరస్తాన్ కళ్లెదురుగా ఉంటుంది, కాగితం ఎక్కడా ఉండదు. దానికున్న బలమంతా వాడుకే.

1949లో బాబ్రీ మసీదులో రాత్రికి రాత్రి విగ్రహాలు పెట్టడంతో మా వాడుక ఆగింది. 1992 డిసెంబరు 6న గోడలే పోయాయి. 2019 నవంబరు 9న సుప్రీంకోర్టు ఆ రెండు పనులూ చట్టవిరుద్ధమంది. 1857కి ముందు లోపలి ఆవరణ పూర్తిగా తమ స్వాధీనంలోనే ఉండేదని ముస్లింలు చూపలేకపోయారనీ అంది. స్థలం గుడికిచ్చింది. 2024 జనవరి 22న గుడి ప్రారంభమైంది. 1947 ఆగస్టు 15న ఏ ప్రార్థనా స్థలం ఎలా ఉందో అలాగే ఉండాలన్న 1991 చట్టం ఉన్నా, మసీదుల కింద ఏముందో తవ్వి చూడాలన్న కేసులు వస్తూనే ఉన్నాయి. 2025లో వక్ఫు చట్టానికి చేసిన సవరణ, వాడుక వల్ల ఏర్పడే వక్ఫు అన్నదాన్నే ఇకమీదట లేకుండా చేసింది. అంతకుముందు రిజిస్టరైనవాటిని, వివాదంలో లేకుంటే, ప్రభుత్వ భూమి కాకుంటే, ఉండనిచ్చింది. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లని నిలిపింది గాని దీన్ని నిలపలేదు.

వాడుక అంటే ఏమిటో మా పక్కవాళ్లకి మేం కొత్తగా చెప్పక్కర్లేదు. కనుమ రోజు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద కలుస్తారు. అక్కడ గుడి లేదు, కొబ్బరితోట ఉంది. ప్రభలు కౌశిక దాటి, పచ్చటి చేలు తొక్కుకుంటూ వస్తాయి. చేను రైతుది, ఆ పూట దారి ప్రభలది. నా పట్టా భూమి అని ఏ రైతూ అడ్డు నిలబడడు. ఆ దారిలో నడిచినవాళ్లెవరూ చేను నాదనరు. 1930లో ముగ్గురు విదేశీయులు పుస్తకం రాసి చెప్పిన న్యాయం కోనసీమ రైతుకి పుస్తకం లేకుండానే తెలుసు. ఆ న్యాయమే మా ఖబరస్తాన్ గట్టు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుందన్నది మా ప్రశ్న.

అడిగే ముందు అదే కొలత మాకూ పెట్టుకోవాలి. వాడుక మా ఖబరస్తాన్‌కి హక్కయితే, జెరూసలేం సందులో యూదుడు శతాబ్దాలుగా చేసిన ప్రార్థనా హక్కే. పాత దేవాలయం పేరు చెప్పి అయోధ్యలో మసీదు కూల్చడం తప్పయితే, అదే పేరు చెప్పి మగ్రిబీల పేట కూల్చడమూ తప్పే. 1949 నుంచి మమ్మల్ని బాబ్రీలోకి రానివ్వకపోవడం తప్పయితే, 1948 నుంచి యూదులని గోడ దగ్గరికి రానివ్వకపోవడమూ తప్పే. మాకు నచ్చినచోట వాడుకనీ, నచ్చనిచోట కాగితాన్నీ చూపిస్తే మమ్మల్ని వెళ్లగొట్టేవాళ్లకి మేమే మాట అందించినట్టు.

పడమటి గోడ ఎవరిదని ఎవరైనా అడిగితే మా జవాబిది. ప్రార్థన యూదుడిది. పేట మగ్రిబీలది. హరమ్ ముస్లింలది. వీటిలో ఏ ఒక్కటి కాదన్నా మిగతా రెండూ నిలబడవు. పాలస్తీనా కోసం గొంతెత్తినప్పుడూ ఇదే చెబుతాం, మా ఖబరస్తాన్ కోసం కలెక్టరాఫీసు మెట్లెక్కినప్పుడూ ఇదే చెబుతాం.